చీమ తొవ్వ కొలిచిన కాక

ఆయన పోయాడన్న కబురు మా గల్లీ వాట్సాప్ గ్రూపులో పొద్దున ఏడింటికి వచ్చింది. దాని కింద మొదటి జవాబు ఎవరో పెట్టిన బొటనవేలు బొమ్మ. ఆ మనిషి కంగారుపడి దాన్ని తీసేసి దండం బొమ్మ పెట్టేలోపు ఇంకొకాయన అలవాటు కొద్దీ శుభోదయం, గులాబీ పువ్వు పంపించాడు. బతికి ఉండి చూస్తే కాక నొచ్చుకునే రకం కాదు. "నేను పోతే బాగుందన్నడు ఒకడు, పువ్వు పెట్టిండు ఇంకొకడు. ఇద్దరు సక్కగనే చెప్పిన్రు" అని ఉండేవాడు.

పేరు రాయను. రాసినా మీకు తెలియదు. రాయకపోయినా గోదావరిఖనిలో మా గల్లీ వాళ్ళు పట్టేస్తారు.

కాక బాయిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైనవాడు. మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. నీళ్ళ బావిలో పడితే జనం పరిగెత్తుకొచ్చి పైకి లాగుతారు. ఈ బాయిలోకి మాత్రం జీతం ఇచ్చి మరీ దింపుతారు. ముప్పై ఏళ్ళు దిగి, ఎక్కి, కుడిచెవిని అక్కడి యంత్రాల మోతకు ఇచ్చేసి, ఎడమచెవితో ఇంటికొచ్చాడు. అందుకని ఎవరు మాట్లాడినా ముఖం కుడివైపు తిప్పేసేవాడు. కొత్తవాళ్ళు తమ మీద అలిగాడనుకునేవాళ్ళు. టెస్టరు ఎప్పుడూ ఆ పనిచెయ్యని చెవి మీదే ఉండేది. "ఖాళిగున్న జాగ ఎందుకు కరాబు చెయ్యాలె" అనేవాడు.

ఇలాంటి మనిషి దగ్గరికి నేను స్పీకర్ల సలహా కోసం వెళ్ళాను. నా తెలివి ఏపాటిదో మీకు ఇక్కడే అర్థమైపోవాలి.

వెళ్ళడానికి కారణం మా బాపు. బాపు కూడా బాయి మనిషే. రిటైరైన వారానికే ఒక హోం థియేటర్ కొనుక్కొచ్చాడు. ముందు మూడు స్పీకర్లు, వెనుక రెండు, మూలకొక పెద్ద డబ్బా. "ఇన్నేండ్లు చీకట్ల ఉన్న. ఇగ కూసోని సినిమా చూస్త. కానీ సప్పుడు నలుదిక్కుల నుంచి రావాలె" అన్నాడు. ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి బిగించే పని నాకు పడింది. ఉద్యోగాల నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నవాడికి ఇంట్లో దొరకని పనంటూ ఉండదు.

చిక్కు వెనుక స్పీకర్ల దగ్గర వచ్చింది. మా హాలు, దానికి కలిపేసిన వరండా కలిపి చూస్తే రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటాయి. అట్టపెట్టెలో ఇచ్చిన తీగ సగం దూరం వచ్చి ఆగిపోయింది. ఎంత లావు తీగ వాడాలో తెలుసుకోవడానికి వారం రోజులు వీడియోలు చూశాను. ఒకాయన తీగ మార్చాక వాయించేవాడి ఊపిరి కూడా వినబడిందని కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఆయన వెనుక ఫ్రిజ్ మోత వినబడింది. ఇంకొకాయన తోటకు నీళ్ళు పెట్టే పైపంత లావు తీగను ఒళ్ళో పెట్టుకుని నిమురుతున్నాడు. అన్నీ చూసి, అంతా అర్థమైందనుకుని, బజారుకు పోయి ఇరవై నాలుగు గేజీ తీగ తెచ్చాను. పద్నాలుగు గేజీ కూడా ఉంది. చిన్న నంబరుకు ఎందుకు పోవాలని వదిలేశాను.

కాక మా ఇంటికొచ్చి ఆ తీగను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నాడి చూసినట్టు చూశాడు.

"ఇది తీగనా, ఎంటికెనా?"

"ఇరవై నాలుగు గేజీ కాక. ఇంకోటి పద్నాలుగే ఉండె."

"నంబరు పెరిగితే తీగ సన్నమైతది బిడ్డ. ర్యాంకు లెక్క ఇది." నా వైపు జాలిగా చూశాడు. "పోనీ తియ్యి, నీకెట్ల తెలుస్తది. నీకెన్నడన్న వచ్చిందా?"

బాపు అంతగా నవ్వడం రిటైర్మెంటు సన్మానంలో కూడా చూడలేదు.

నేను టేపు తీసి, టీవీ దగ్గర నుంచి వెనుక గోడకు నేరుగా లాగి పట్టుకున్నాను. కాక టేపును వేలితో మెల్లగా కిందికి నొక్కాడు.

"కాకి పోయే తొవ్వ కొలుస్తున్నవు. తీగ గాలిల ఎగురుతదా? చీమ పోయే తొవ్వ కొలువాలె."

జేబులోంచి ముళ్ళేసిన నైలాన్ తాడు తీశాడు. ముడికీ ముడికీ మధ్య ఒక గజం. గోడ మూలను పట్టుకుని, తలుపు చట్రం మీదికెక్కి, అటువైపు దిగి, కిటికీ కింది నుంచి వంగి, నిజంగానే చీమలాగా పాక్కుంటూ వెనుక స్పీకరు దాకా వెళ్ళాడు. నా టేపులో ఇరవై అడుగులున్నది ఆయన తాడులో నలభై దాటింది. తీగ లావు లెక్క కోసం దాన్ని రెట్టింపు చేశాడు.

"రెట్టింపెందుకు కాక?"

"పోయిన కరెంటు తిరిగి రావద్దా? నీ లెక్క పొద్దుగాల పోయి పొద్దుమీకి రాకుంట తిరుగుతదా?"

అంతటితో ఆపక, కొనే పొడుగుకు ఇంకో రెండు బారలు కలిపాడు. వంటింటి గడపలో నిలబడ్డ అమ్మ అది ఎందుకని అడిగింది.

"నువ్వు రేపు సోఫ జరుపుతవు గద చెల్లె. దాని లెక్క."

"మీ ఇంట్ల వదిన బీరువ జరుపలేదా అన్న?"

"జరిపింది. గందుకే నేర్చుకున్న."

ఆ తరువాత కింద కూర్చుని, తీగ లావు సంగతి చెప్పాడు. ఇంజినీరింగు కాలేజీలో నాకు నాలుగేళ్ళలో ఎక్కనిది అయిదు నిమిషాల్లో ఎక్కింది కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"మా సెక్షన్ల నీళ్ళు తోడే పంపుండె. బొగ్గు తవ్వుకుంట పోయిన కొద్ది పంపు ముందటికి జరుగుతది, తీగ పొడుగైతది. అదే సన్నతీగను అతికిచ్చుకుంట పోయినం. ఒకనాడు పంపు తిరుగుతలేదు, మూలుగుతుంది. ఇంజినీరు సాబు వచ్చి పంపును తిట్టిండు. పంపేం చేసింది పాపం? దాని పాలు కరెంటు సగం తొవ్వలనే కర్సయింది. దూరం పోయేటోనికి మంచి చెప్పులియ్యాలె. పక్కింటికి పోయేటోడు వట్టికాళ్ళతోని పోయినా నడుస్తది. నీ ముందటి స్పీకర్లకు ఒక ఎంఎం తీగ సాలు. ఎనుకటి వాటికి రెండున్నర."

"వీడియోల ఇంత లావుది చూపిచ్చిండు కాక," అని నా మణికట్టు చూపించాను.

"గది పెడితే మీ బాపు సినిమా చూస్తడా, ఊరికి కరెంటిస్తడా?"

అని, స్పీకరును బోర్లించి వెనుక ఉన్న చిన్న క్లిప్పుల రంధ్రాలు చూశాడు. చాలాసేపు చూశాడు. రెండున్నరను అక్కడికక్కడే ఒకటిన్నరకు దించేశాడు. తన మాట తానే దించుకునే మనిషి మా గల్లీలో ఇంకొకడు లేడు. "బొరియను చూసి ఎలుకను తేవాలె. దూరానికి ఒకటిన్నర కూడ సరిపోతది. నేనే జర ఎక్కువ చెప్పిన, పంపు యాదికొచ్చి."

దుకాణానికి ఇద్దరం కలిసి వెళ్ళాం. దుకాణదారుది తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. గోదావరి అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. 'అండి' మాత్రం ఆయన ఇంకా అక్కడి నుంచే తెప్పించుకుంటాడు. కాక అడిగిన తీగ తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. కాక బ్లేడుతో కొస ఒలిచి, పోగును గీకాడు. ఎర్రటి పూత కింద తెల్లగా తేలింది.

"ఇది రాగి గాదు సేటు. రాగి రంగు."

"అది లైట్ వెయిటండి కాకా. ఇప్పుడంతా ఇదే తీసుకెళ్తున్నారండి."

"తేలికగుండి ఏం ఫాయిద? నేనేమన్న నెత్తిన పెట్టుకోని కాశికి పోతున్ననా? కరెంటు పోయేది చూపియ్యి."

దుకాణదారు సిగ్గుపడలేదు. లోపలికెళ్ళి ఇంకో చుట్ట తెచ్చి, దుమ్ము ఊది, గొంతు తగ్గించి చెప్పాడు. "ఇది వేరండి. ఆక్సిజన్ ఫ్రీ కాపరండి."

కాక ముఖం కుడివైపు తిప్పాడు. ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పాక నా వైపు తిరిగి, "ఆక్సిజన్ లేదట. బాయిల గాలి జర తక్కువైతేనే మమ్ముల బయటికి ఎల్లగొడుతుండె. ఇది ఎట్ల బతుకుతుందో పాపం" అన్నాడు. అయినా గీకి చూశాడు. లోపలిదాకా ఎర్రగానే ఉంది. "మంచి రాగి. పేరే కర్మ పేరు" అని ముందరి వాటికి రెండు పోగులది, వెనుక వాటికి తనకు అలవాటైన మూడు పోగులది కొలిపించాడు.

ఆ మూడు పోగులే కొంప ముంచాయి. ఇంటికొచ్చి తీగంతా గోడ వెంట పరిచి, మేకులు కొట్టి, చివర ఒలిచి, స్పీకరు వెనుక చూసి ఆగిపోయాడు.

"మూడోది యాడున్నది?"

"ఏ మూడోది కాక?"

"ఎర్తు. ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి, ఒకటి ఎర్తుకు."

"స్పీకరుకు ఎర్తుండదు కాక. రెండే."

కాక లేచి నిలబడ్డాడు. భూమి కింద ప్రతి యంత్రానికీ ఎర్తు ఉందా లేదా అని చూడటమే పనిగా బతికిన మనిషి. లేకపోతే మనుషులకు షాకు కొడుతుంది మరి. రెండు తీగల స్పీకరు ఆయన కంటికి లుంగీ లేకుండా బజారుకొచ్చిన మనిషిలా కనబడింది. "ఎర్తు లేకుంట నేను కరెంటియ్య" అని భీష్మించాడు. బాపు బతిమాలాడు. నేను ఫోనులో బొమ్మలు చూపించాను. చివరికి మూడో పోగును మడిచి, టేపు చుట్టి, "ఉండనియ్యి, రేపెవడన్న కొత్తది కనిపెడ్తడు" అని రాజీపడ్డాడు. కానీ మనసు ఒప్పుకోలేదు. స్పీకరుకు లేకపోతే పోయింది, పెద్ద డబ్బా ప్లగ్గుకైనా ఉందా అని షోకేసు వెనుక గోడలోని స్విచ్చుబోర్డు విప్పి చూశాడు. పైన మూడు రంధ్రాలున్నాయి, లోపల రెండే తీగలు.

"సూసినవా? గోడ అబద్ధమాడుతుంది ఇన్నేండ్ల సంది."

వరండాలోని మెయిన్ ఆపి, హోం థియేటర్ అట్టపెట్టెలో ఒక ముక్క చింపి, దాని మీద బొగ్గుతో రెండు మాటలు రాసి మెయిన్‌కు తగిలించాడు. *మనిషి ఉన్నడు.* నాకు నాలుగుసార్లు చూపించి, షోకేసు వెనుక దూరాడు.

ఇప్పుడు నా ఘనకార్యం. ఆ రోజు మ్యాచ్ ఉంది. టాస్ వేసే వేళయింది. కాక అంతసేపు మాట్లాడకుండా ఉండటం ఎన్నడూ లేదు. పెరట్లో నల్లా చప్పుడైంది. చేతులు కడుక్కుంటున్నాడనుకున్నాను. కడుగుతున్నది అమ్మ, గిన్నెలు. పైగా ఇంటి స్విచ్చుకు బొగ్గుతో బోర్డు రాసి పెట్టడం నాకు కాస్త నాటకంగా కనబడింది. నాటకం కనబడితే గాలి తీయకుండా ఉండలేని రోగం నాది. అట్టను పక్కకు జరిపి మెయిన్ వేశాను.

ఫట్‌మంది.

అంతే. ఇంకేం కాలేదు. స్క్రూడ్రైవరు కొస కరిగింది, ఫ్యూజు పోయింది. కాక షోకేసు వెనుక నుంచి బయటికొచ్చి, తన చేతిని చపాతీ కాలిందో లేదో చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తరువాత నన్ను చూశాడు.

"చదువుకున్నవు గద బిడ్డ. రెండు మాటలే రాసిన."

సామాన్ల సంచి భుజానేసుకుని వెళ్ళిపోయాడు.

వెనుక స్పీకర్లు అలాగే మిగిలాయి. ఫ్యూజుకు కొత్త తీగ కట్టుకుని, వంటింటి నుంచి పొడుగు తీగ లాగి ముందరి మూడింటితో బాపు సినిమా పెట్టాడు. కాసేపు చూసి, "వాన ముందటనే పడుతుంది, ఈపుకు ఎండ కొడుతుంది" అని కట్టేశాడు. ఇంకో ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తానంటే ఒప్పుకోలేదు.

"ఒకడు పని మీదుండంగ కరెంటేసినోని మొఖం బాయిల ఎవ్వడు చూడడు. ఆయన సగం ఇడిసిన పని ఇంకొకడు ముట్టడు. నువ్వు తెచ్చుకో ఆయనను. లేకుంటే ఆ డబ్బ మీద పూలకుండి పెడ్త."

బాపుకు సినిమా పోతే పోయింది. నాకు ఇంకోటి పోయింది. గల్లీలో ఎదురైతే కాక ఇప్పుడు నాకు కుడిచెవి చూపిస్తున్నాడు. వినబడే చెవిని అటు తిప్పేసుకుంటున్నాడన్నమాట. ఆ మనిషి నా వల్ల నవ్వకుండా నడిచి వెళ్ళడం ఎండకన్నా ఎక్కువ మండింది.

మొదటిసారి మిరపకాయ బజ్జీలు తీసుకెళ్ళాను. అన్నీ తిన్నాడు. మాట్లాడలేదు. రెండోసారి నా దగ్గరున్న మంచి జోకులన్నీ వరుసగా వేశాను. చిన్నమ్మ, అంటే కాక భార్య, పడీపడీ నవ్వింది. కాక బజ్జీలున్నాయేమోనని సంచి చూశాడు. మూడోసారి వట్టిచేతులతో వెళ్ళాను. కాక ఇంట్లో లేడు. చిన్నమ్మ చాటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"పెండ్లయిన కొత్తల ఆయన జోడీగాడు ఒకడుండె. ఒక్క గిన్నెల తినేటోళ్ళు. అట్లనే తీగ పట్టుకోని ఉండంగ ఎవడో స్విచ్చేసిండు. దవాఖాన దాక గూడ పోలేదు ఆ పిల్లగాడు. అప్పటి సంది ఈయన మా ఇంట్ల బల్బు మార్చినా నన్ను స్విచ్చు కాడ కావలి పెడ్తడు."

ఒక జోకు వెతికాను. దొరకలేదు. అరుగు మీద కూర్చున్నాను. కాక వచ్చి, నన్ను చూసి, పక్కనే కూర్చున్నాడు. ఎడమచెవి నా వైపున్నది.

"తప్పయింది కాక."

"నవ్విచ్చుడు మంచిదే బిడ్డ. కరెంటు కాడ గాదు." లేచి గడప దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "రేపు పొద్దుగాల వస్త."

మర్నాడు వచ్చాడు. అట్ట అడగలేదు, రాయలేదు. మెయిన్ ఆపి, అందులోంచి పింగాణీ ఫ్యూజు లాగి, నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసేశాడు. షోకేసు వెనుకకు వెళ్ళిపోయాడు.

మే నెల. మా రామగుండం ఎండ సంగతి తెలియనివాళ్ళకు చెప్పినా నమ్మరు, తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఫ్యాను లేదు. వరండాలో పిడికిలి బిగించి నిలబడ్డాను. పావుగంటకు అమ్మ వచ్చింది.

"చెట్నీకి మిక్సీ తిప్పుకుంట, ఒక్క నిమిషం పెట్టరాదు."

"కాక చెప్పాలె."

"మరి రోలు తే పో."

"నేను కదలనమ్మ."

బాపు బనీను విప్పి విసురుకుంటూ వచ్చాడు. నన్ను, పిడికిలిని చూసి, వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. కాక ఎర్తు లాగడానికి పెరటి గోడ దాకా వెళ్ళాడు, వచ్చాడు, చాయ్ అడిగాడు. చాయ్ షోకేసు వెనుకకే వెళ్ళింది. అక్కడ కూర్చుని తీరిగ్గా ఊదుకుంటూ తాగుతున్న చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. నా చెవి దురద పెట్టింది. ముక్కు మీద చెమట దిగింది. ఏ చేత్తోనూ ముట్టుకోలేదు. ఫ్యూజు ఉన్న చేతిని రెండో చేత్తో పట్టుకుని ఉన్నాను. నా జీవితంలో అంతసేపు నోరు మూసుకుని ఉన్నది అప్పుడే. ఇంటి ముందు నుంచి పోయే కూరగాయలామె, "పిల్లగానికి ఏమైంది?" అని అమ్మను అడిగింది కూడా.

"అయిందిరా, పెట్టు!" అని కేకేశాడు కాక.

నేను పెట్టలేదు.

"అయింది అంటున్న గద! ఇప్పుడు నీకు చెవుడొచ్చిందా?"

"నువ్వు బయటికి రా కాక."

"ఎందుకురా?"

"చేతులు చూపియ్యి."

షోకేసు వెనుక నుంచి కాక తల వచ్చింది, తరువాత మనిషి వచ్చాడు. హాలు మధ్యన నిలబడి, నాకు కనబడేలా, పోలీసులకు దొరికినవాడిలా రెండు చేతులూ పైకెత్తాడు. ఒక చేతిలో చాయ్ గ్లాసు ఉంది.

"గిలాస గూడ పెట్టాల్నా సారూ?"

"పెట్టు."

పెట్టాడు. మళ్ళీ ఎత్తాడు. మూతి బిగించాడు గానీ కళ్ళు ఆగలేదు. అది చూసి, కుర్చీలో ఉన్న బాపు ఏమీ ముట్టుకోకపోయినా లేచి తన రెండు చేతులూ ఎత్తాడు. వంటింటి గడపలో అమ్మ, ఒక చేతికి చింతపండుతోనే, ఎత్తింది. నేను ఒక్కొక్కరి దగ్గరా చూపు ఆపి, ఆరు చేతులూ లెక్కపెట్టుకుని, అప్పుడు పెట్టాను ఫ్యూజు.